కాసా ఒదిలిన బోనో

ఒక్క "కి" జారిపోయి కొంపలు మునగడం లోకంలో ఉన్నదే. లేని "కి" ఒకటి వచ్చి అతుక్కుంటే లేని కొంప లేచి నిలబడుతుందని మాత్రం గ్రేవిన్‌కి ఆ శనివారం పొద్దున్నే తెలిసింది.

అతను ఫోన్లో స్నేహితుడితో అన్నది: "కాసా బోనో ఒదిలిందిరా మైకోల్!"

గోడవతల అత్తగారు విన్నది: "కాసాకి బోనో ఒదిలిందిరా మైకోల్!"

గోడంటే నిజం గోడ కాదు, రేకు. రేకు పక్కన బట్టలుతికే మిషను. అత్తగారి మిషను అచ్చం అత్తగారే; లోపల బట్టలు రెండున్నా సరే, ఉతికే చప్పుడు వీధంతా వినిపించాలి. ఆ చప్పుడులో ఒక అక్షరం పోవడం, ఒక అక్షరం రావడం పెద్ద విశేషం కాదు.

కాసా అంటే ఇల్లు. పేకాట ఆడించే కంపెనీని కూడా పేకాటరాయుళ్లు కాసా అనే అంటారు. ఎవడు గెలిచినా, ఎవడు ఓడినా కాసులు చివరికి చేరేది ఆ ఇంటికే కనక. ఇక బోనో దగ్గరుంది అసలు తిరకాసు. ఫోన్లో పోకరాడే గ్రేవిన్‌కి బోనో అంటే డిపాజిట్టు కట్టినందుకు కాసా ఇస్తానన్న బోనస్. సాన్ హోసే పక్కనున్న ఆ అలహువెలిత పేటలో మిగతా జనమందరికీ బోనో అంటే ఒకటే బోనో: ఇల్లు లేని సంసారానికి సర్కారు బతుకు మొత్తమ్మీద ఒక్కసారి ఇచ్చే ఇంటి గ్రాంటు.

అత్తగారి పేరు ఒదిలీ, పెద్దావిడ గనక గౌరవంగా దోన్యా ఒదిలీ. పేరుకే ఒదిలీ, పట్టుకున్నది ఏదీ ఒదిలే మనిషి కాదు. కూతురు యోర్లెని పెళ్లి చేసుకుని వెనకగదిలో కాపురం పెట్టిన నాడు అల్లుడి మీద పట్టుకున్న కోపం ఇప్పటికీ అలాగే, చెమట పట్టకుండా, చేతిలో ఉంది. ఆ గది అద్దెకిస్తే నెలనెలా డబ్బొచ్చేది. అల్లుడికిచ్చినందుకు నెలనెలా అల్లుడే వస్తున్నాడు.

మిషను ఆగింది.

"ఏమన్నావ్ అల్లుడూ?"

"ఏం లేదత్తా."

"కాసా అన్నావ్. బోనో అన్నావ్. నా చెవులకింకా తుప్పు పట్టలేదు."

గ్రేవిన్ నోరు తెరిచాడు. తెరిచాక "అది ఆ బోనో కాదత్తా, పేకాట బోనో" అనాలి. అంటే, "పేకాటకి డబ్బెక్కడిదిరా?" అంటుంది. ఆ డబ్బు యోర్లెనిది. వచ్చే నెల ఇల్లు మంజూరైతే లాయరుకీ, రిజిస్ట్రీకీ కట్టాలని బేకరీలో పిండి పిసికి పిసికి కూడబెట్టింది. అంచేత తెరిచిన నోరు మళ్లీ మూశాడు. మూసిన నోటికి ఆవిడ తనకి కావలసిన మాటలు తగిలించుకుంది.

"ఓరి నీ మౌనం మండిపోనూ! ఇల్లొచ్చిందన్నమాట! అత్తకి చెప్పకుండా అటకెక్కించి దాచుకుందామనా?" అని చేతులు కూడా తుడుచుకోకుండా వీధి గుమ్మంలోకి పరిగెత్తింది. "అమ్మల్లారా, అయ్యల్లారా! మా అల్లుడికి ఇల్లొచ్చిందర్రా! నా గది ఖాళీ!"

ఇంకెక్కడైనా అయితే ఇది విని పదిమందీ మెచ్చుకుందురు. ఆ వీధిలో మాత్రం ఇల్లు లేని కుటుంబాలన్నీ కలిసి కమిటీ పెట్టుకుని బోనో ఇళ్ల కోసం తొమ్మిదేళ్లుగా వంతుల్లో కూర్చున్నాయి. కొండవాలున స్థలాలు చదునయ్యాయి. వచ్చే నెల పిలవాల్సిన పేరు యోర్లెనిది. కమిటీ నియమం కూడా కుండబద్దలు కొట్టినట్టుంటుంది: పక్కదారిన బోనో తెచ్చుకున్నవాళ్ల పేరు కొట్టేసి వెనకవాళ్లని ముందుకు జరపాలి. ఆ సాయంత్రమే కమిటీ సమావేశం. గ్రేవిన్ నోరు మూసుకుంటే వంతు పోతుంది. తెరిస్తే పరువు పోతుంది. పరువు వెంట పెళ్లాం కూడా పోయేలా ఉంది.

"ఊపే!"

అలహువెలితలో ఎవరూ తలుపు తట్టరు, గేటు దగ్గర నిలబడి ఊపే అని అరుస్తారు. సొరైదా అరుపుతోపాటు గేటు కూడా ఊపేసింది. ఆవిడ కమిటీకి అధ్యక్షురాలు, మూలమీది కిరాణా కొట్టుకి యజమానురాలు. పేరులోనే సొర ఉంది. ఎవడికి ఏం దొరికినా నీళ్లలో నెత్తురు కలిసినట్టు పసిగట్టేస్తుంది. పోకరులో సులువుగా ఓడిపోయేవాణ్ణి చేప అంటారు. గేటుకి అటు సొర, ఇటు చేప.

"రావయ్యా రా! నిన్నటిదాకా అత్తింట్లో ఉన్నాయనవి, ఇవాళ ఇల్లున్నాయనవి!"

"ఇల్లూ లేదు, గిల్లూ లేదు దోన్యా సొరైదా."

"ఎవరివి కాళ్లు?"

ఆ పేటలో పలుకుబడిని కాళ్లు అంటారు. కాళ్లున్నవాడికి క్యూలో నిలబడే పని ఉండదు.

"నా కాళ్లు నావే."

"నీవి పార్కింగులో నిలబడే కాళ్లు. నేనడిగేది మున్సిపాలిటీలో నువ్వు పట్టుకున్నవి!"

గ్రేవిన్ సాన్ హోసేలో ఒక షాపింగు సెంటరు దగ్గర వాచ్‌మన్. జనం కార్లకి కాపలా కాయడం ఉద్యోగం. కాస్తూ కాస్తూ ఫోన్లో కాసాకి కాసులు ధారపోయడం వ్యసనం. మున్సిపాలిటీలో అతనికి తెలిసిన మనిషి ఒక్కడే. వాడు చెత్త లారీ వెనక వేలాడుతూ పోతాడు.

సొరైదా భుజం మీదుగా ఇంకో తలకాయ లేచింది. జుట్టు కత్తిరించే నెరెయో. ఇతనికి కుర్చీ ఉంది, అద్దం ఉంది, అవి పెట్టుకోడానికి చోటు లేదు. కమిటీ వంతుల్లో సరిగ్గా యోర్లెని వెనకే ఉన్నాడు. పొద్దున్నే దోన్యా ఒదిలీ కేక విని గది చూసుకుందామని వచ్చాడు. వచ్చాక తెలిసింది, గదే కాదు, ఇంటి వంతు కూడా చేతికందేలా ఉందని. మొహం దువ్వుకున్న జుట్టులా మెరిసిపోతోంది.

"కంగ్రాట్స్ మామా," అన్నాడు. "గదిలో కిటికీ ఎటుంది?"

"నీ బొందలో ఉంది. ఇల్లు రాలేదని చెప్తున్నానా!"

"మీ అత్తగారు చెప్తోంది వచ్చిందని. అత్త మాట అబద్ధమంటావా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పి బతికిన అల్లుడు లేడు. ఈలోగా లోపల్నించి పరుపు వచ్చింది. నిజంగానే వచ్చింది, దోన్యా ఒదిలీ దాన్ని నిలువుగా తోసుకుంటూ వరండాలో పడేసింది. వెనకాలే దిండు, ఫ్యాను, గ్రేవిన్ యూనిఫాం.

"ఇదేంటత్తా!"

"సాయం చేస్తున్నా నాయనా. కొత్తింటికి బరువులు ఎత్తలేవు కదా, ఫోను తప్ప ఎప్పుడైనా ఏదైనా ఎత్తావా?"

మధ్యాహ్నానికి యోర్లెని బేకరీ నుంచి వచ్చింది. మోచేతుల దాకా పిండి, చంకలో రొట్టెల సంచి. బస్సు దిగిన దగ్గర్నించీ ఇంటిదాకా ఎవరూ పలకరించలేదట. పలకరించిన ఒక్కావిడా "దొంగ సంసారం" అందట. వరండాలో పరుపు చూసి, దాన్ని దాటి, గదిలోకి వచ్చి తలుపు మూసింది.

"వచ్చిందా?"

"రాలేదు యోర్లెనీ, ఒట్టు."

"అమ్మ విన్నానంటోంది."

"మీ అమ్మ ఆ మిషను పక్కన నిలబడి ఏం వింటుంది?"

"మరి నువ్వు మైకోల్‌తో ఏమన్నావ్?"

గ్రేవిన్ ఫోను జేబులోకి తోశాడు. "డ్యూటీలో... బోనస్ ఇస్తామన్నారు."

"వాచ్‌మన్‌కి బోనసా? డిసెంబరులో చట్టం ప్రకారం ఇవ్వాల్సిన అదనపు జీతమే ఏడుస్తూ ఇస్తారు వాళ్లు." ఆమె పిండి చేతులు పరుపు మీద కాదు, పరుపు ఉండాల్సిన ఖాళీ చోట దులిపింది. "బోనో సంసారానికిస్తారు, గ్రేవిన్. ఒంటి మనిషికివ్వరు. దరఖాస్తు నాతో కలిసి పెట్టలేదు కాబట్టి ఇంకెవర్తితోనో కలిసి పెట్టావ్. దాని పేరు చెప్పు."

"అయ్యో! ఎవర్తీ లేదు!"

"అయితే ఇల్లుంది, ఎవర్తీ లేదు. లేకపోతే ఎవర్తి ఉంది, ఇల్లు లేదు. రెండూ లేకపోతే బోనో అన్న మాట నీ నోట్లోంచి ఎందుకొచ్చింది?"

చెప్పేస్తే అయిపోను. గ్రేవిన్ ఆమె చేతులవంక చూశాడు. ఆ పిండి చూసేసరికి నోరు మళ్లీ బిగిసింది. "సాయంత్రం సమావేశంలో అంతా సర్దుతాను," అన్నాడు. ఎలా సర్దాలో అతనికే తెలీదు. చేతిలో ముక్క లేకపోయినా ఉన్నట్టు నటించడం పోకరులో చెల్లుతుంది. చేతిలో ఫోను ఉన్నవాడు పెళ్లాం ముందు నటిస్తే ఎక్కువసేపు చెల్లదు.

సాయంత్రం నాలుగయ్యేసరికి పేట హాలు నిండిపోయింది. ఆ వేళకి రోజూ పడే వానే రేకులమీద దబదబ పడుతోంది. సొరైదా మైకు పట్టుకుంది. కమిటీలో సగం మందికి ఆవిడ అరువిచ్చింది గనక మైకు లేకపోయినా ఆవిడ మాటే వినేవాళ్లు.

"విషయం ఒక్కటే. యోర్లెని సంసారానికి పక్కదారిన బోనో వచ్చింది. పేరు కొట్టేస్తున్నాం. తర్వాతి వంతు నెరెయోది. కాదనేవాళ్లున్నారా?"

"ఎవరూ లేరు," అన్నాడు నెరెయో అందరి తరఫునా.

"నాకు ఇల్లు రాలేదు!" గ్రేవిన్ లేచి నిలబడ్డాడు.

హాలంతా ఒక్కసారి గొల్లుమంది. ఆ నవ్వులో తీపికన్నా పులుపెక్కువ.

"కూర్చో కాళ్లున్నాయనా!"

"కుర్చీ ఇవ్వకండర్రా, అది కూడా పట్టుకుపోతాడు!"

"మీ అత్తకి ఊరికే వినపడుతుందా?"

"నేను విన్నాను," అని దోన్యా ఒదిలీ ముందు వరసలోంచి చెయ్యెత్తింది. "కాసాకి బోనో అన్నాడు. దేవుడి ముందైనా చెప్తా."

సొరైదా మైకుని గ్రేవిన్ మొహానికి తిప్పింది. "ఇల్లు రాలేదంటావ్. మరి వచ్చిందేంటి?"

గ్రేవిన్ నేల చూపులు చూశాడు. అప్పుడు యోర్లెని లేచింది.

"తొమ్మిదేళ్లు, గ్రేవిన్," అంది. గొంతు ఎత్తలేదు. "ఇప్పుడు నా పేరు కొట్టేస్తారు. చెప్తావా, చూస్తూ నిలబడతావా? నిలబడ్డానికైతే నీకు జీతమిస్తారు, నాకెవరిస్తారు?"

"పేకాట," అన్నాడు గ్రేవిన్.

"ఏంటి?"

"పేకాట బోనో! ఫోన్లో పోకరు! కాసా ఇచ్చింది... కాసాకి కాదు. ఆడించే కాసా!"

అందరూ ఒకేసారి మాట్లాడారు. సొరైదా మైకు మీద వేలితో కొట్టింది.

"నెమ్మదిగా చెప్పు. మాకెవరికీ ఈ విద్య తెలీదు. కాసా నీకెందుకిస్తుంది, నువ్వు దాని అల్లుడివా?"

"కొత్తగా చేరినవాడు ఎంత డబ్బు కడితే దానికి సరిసమానం బోనో ఇస్తామంటారు."

"సరిసమానమా?" వెనక వరసలో ఒకాయన లేచాడు. "ఎక్కడయ్యా ఆ బ్యాంకు?"

"కూర్చో! ఊరికే ఇస్తారా?" అంది సొరైదా. "ఇస్తారా?"

"చేతికివ్వరు. తెర మీద ఒక మూల పెట్టి చూపిస్తారు. కనపడుతుంది, అందదు."

"బోనో కాదది, బోను," అన్నాడెవడో. "లోపల ఎర, బయట ఎలక."

"ఎలక ఎప్పుడు తింటుంది?"

"ఆడాలి," అన్నాడు గ్రేవిన్. చెప్పడం మొదలెట్టాక, మైకోల్‌కి చెప్పినట్టే, గొంతులో కొంచెం హుషారు కూడా వచ్చేసింది. "ప్రతి ఆటలోనూ బల్ల మధ్యలో కుప్పపడ్డ డబ్బులోంచి కాసా తన కోత కోసుకుంటుంది. అలా మన దగ్గర కోసిన దానికి పాయింట్లిస్తుంది. పాయింట్లు ఒక మెట్టు నిండితే బోనోలోంచి ఒక ముక్క విడుదల. మళ్లీ ఆడితే మళ్లీ ముక్క."

సొరైదా కిరాణా బుర్ర గిర్రున తిరిగింది. "ఆగు. అంటే నేను నీకు సబ్బులమ్మి, ప్రతి సబ్బు మీదా నా లాభం తీసుకుని, సంచి నిండాక ఒక అరిగిపోయిన సబ్బు ముక్క నీ చేతిలో పెట్టి, 'ఇదిగో నాయనా, బహుమానం' అన్నట్టు."

"...అలాంటిదే."

"సబ్బు నీది, నురగ వాళ్లది!" అని వెనకనించి ఎవరో అందించారు.

"గెలుస్తావా మరి?" అని ఎవరో ఆడమనిషి అడిగింది.

"ఒక్కోసారి. గడువుంది కదా. రెండు నెలల్లో పాయింట్లు నిండకపోతే మిగిలిన బోనో ఆవిరైపోతుంది. అందుకని గబగబా ఆడాలి."

"గబగబా ఆడితే?"

"గబగబా పోతుంది," అని ఒప్పుకున్నాడు గ్రేవిన్.

"ఇవాళ పొద్దున కాసా ఎంత ఒదిలింది?"

అతను గొణిగాడు. సొరైదా మైకు ఇంకా దగ్గరికి పెట్టింది. హాలు నాలుగు మూలలా గ్రేవిన్ గొంతే మోగింది: "అయిదు డాలర్లు."

ఆ నవ్వు రేకుల మీది వానని కూడా మింగేసింది. ఉదయం నుంచి ఊరంతా ఈర్ష్యపడింది అయిదు డాలర్లకి! దోన్యా ఒదిలీ మొహం మాత్రం మాడిపోయింది. ఆవిడ పరుపు మోసింది ఆ అయిదు డాలర్లకే.

నవ్వనివాడు ఇంకొకడున్నాడు. "అబద్ధం," అన్నాడు నెరెయో. "ఇల్లు దాచుకోడానికి కట్టిన కథ. అయిదు డాలర్లకి ఎవడు గంతులేస్తాడు? నేను రోజూ తలలు చూస్తాను, ఇంత ఖాళీ తల చూళ్లేదు."

"రుజువుంది, ఫోన్లో—"

"ఫోన్లో నా బామ్మని కూడా అందగత్తెలా చూపించొచ్చు."

జనం మళ్లీ అటు మొగ్గారు. నిజమే మరి, తొమ్మిదేళ్లు మోసపోయినవాళ్లకి అయిదు డాలర్ల కథ నమ్మడం కన్నా మున్సిపాలిటీ కాళ్ల కథ నమ్మడం తేలిక. ఈ గోలలో యోర్లెని ఒక్కతే నవ్వలేదు, అరవలేదు. తలెత్తి అడిగింది.

"కట్టిన డబ్బు ఎక్కడిది?"

గ్రేవిన్ మైకు పక్కకి నెట్టబోయాడు. సొరైదా నెట్టనివ్వలేదు.

"కాగితాలకని దాచిందే," అన్నాడు. "రెట్టింపు చేసి పెట్టేద్దామనుకున్నాను, యోర్లెనీ. నీకు తెలిసేలోపే."

"ఎంత మిగిలింది?"

"సగం. సగం కన్నా ఒక పిసరెక్కువ."

"వెనక్కి తియ్యి."

"తీస్తాను. తప్పకుండా తీస్తాను. కానీ ఇప్పుడు తీస్తే ఇంకా విడుదల కాని బోనో అంతా రద్దు చేసేస్తారు, అది వాళ్ల నియమం. రెండో ముక్క ఇంకెంతో దూరం లేదు. ఇవాళ డ్యూటీలో ఒక్క రెండు గంటలు కూర్చున్నానంటే—"

అతను ఆగాడు. పొద్దున్నించీ అరిచినవాళ్లందరూ అరుపు మానేసి అతన్ని కొత్తగా చూస్తున్నారు. ఇంతసేపూ వాళ్లు దొంగని చూశారు. దొంగ మీద కోపగించుకోవచ్చు. ఇప్పుడు ఎదురుగా ఉన్నవాణ్ణి ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు.

"తియ్యి," అంది యోర్లెని.

గ్రేవిన్ ఫోను తీశాడు. తెర మీద అక్షరాలు లేచాయి. సొరైదా కళ్లజోడు సర్దుకుని, ఫోను లాక్కుని, మైకులోకి గట్టిగా చదివింది.

"'మీరు కట్టిన డబ్బు వెనక్కి తీసుకుంటే, విడుదల కావలసిన మీ బోనో పూర్తిగా రద్దవుతుంది. మీకు సమ్మతమేనా?'"

"సమ్మతమే!" అని హాలు హాలంతా అరిచింది, నెరెయో తప్ప.

"నువ్వు నొక్కు," అని సొరైదా ఫోను తిరిగిచ్చింది. "ఊరు నొక్కితే చెల్లదు."

గ్రేవిన్ నొక్కాడు. అతనికి అది బోనో పోయినట్టు లేదు, పన్ను పీకినట్టుంది. మూలన ఉన్న అంకె ఒకసారి మిణుక్కుమని సున్నా అయింది. సొరైదా ఆ సున్నాని నెరెయో ముక్కు ముందు పెట్టి చూపించింది. అతను చూశాడు, మళ్లీ చూశాడు, చివరికి "సర్కారు ఇల్లయితే బొటనవేలితో చెరిగిపోదులే," అని గొణిగి కూలబడ్డాడు.

సొరైదా మైకు రెండు చేతుల్తో పట్టుకుంది.

"అందరూ వినండి, రేపు నా కొట్టు దగ్గరకొచ్చి ఎవరూ మళ్లీ అడగొద్దు. ఇతనన్నది, కాసా బోనో ఒదిలింది అని. ఆ కాసా పేకాట కంపెనీ. ఆ బోనో, కట్టినవాడి డబ్బే కోసి కోసి కట్టినవాడికే విదిలించే ముక్క. మన ఒదిలీ విన్నది, కాసాకి బోనో అని. ఇల్లు రాలేదు. సర్కారు ఇవ్వలేదు. మున్సిపాలిటీలో కాళ్లు లేవు, ఇంకో ఆడమనిషీ లేదు. యోర్లెని వంతు యోర్లెనిదే, వచ్చే నెలే. కాగితాలకి తగ్గిన డబ్బు గడువులోగా ఈయన జీతంలోంచి వస్తుంది, జీతం తిన్నగా ఆమె చేతికొస్తుంది. రాకపోతే అప్పుడు నెరెయో. తెలిసిందా?"

"నేను సరిగ్గానే విన్నాను," అంది దోన్యా ఒదిలీ. "వీడే సరిగ్గా అనలేదు."

యోర్లెని చెయ్యి చాపింది. గ్రేవిన్ ఫోను ఆ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని రొట్టెల సంచిలోకి జారవిడిచి, తన వరస కాక వెనక వరసలోకి వెళ్లి, సొరైదా కొట్లో పనిచేసే ఆవిడ పక్కన కూర్చుంది. గ్రేవిన్ కూర్చోడానికి చుట్టూ చూశాడు. కాస్త జరిగితే బెంచీల మీద చోటుంది. ఎవరూ జరగలేదు.